గాలి ఖాళీ అని రాసింది నేనే

రోజు 4,306. ఎండ. సోలార్ బ్యాటరీలు నిండుగా ఉన్నాయి.

నీళ్ళ వంతుల దగ్గర మళ్ళీ గొడవ. పడమటి వాడకి పంపు పావుగంట ముందే ఆగిపోయిందని సరంగు ఆదెయ్య పొద్దున్నే కరెంటు గది గుమ్మంలో వచ్చి కూర్చున్నాడు. లంకలో ఉన్న నాలుగు నావలూ అతని చేతి కిందే నడుస్తాయి. అతనికి కోపం వస్తే అవతలి గట్టుకి ఎవరూ వెళ్ళలేరు. మజ్జిగిచ్చి, కాసేపు మాట్లాడి నచ్చజెప్పాను.

తప్పు అతనిదీ కాదు, నాదీ కాదు. పంపుని నడిపేది అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ బోర్డు. దానికి కరెంటు అందకపోతే టైము మర్చిపోతుంది. నేను మళ్ళీ నీడ చూసి అందాజుగా పెట్టాలి. ఈమధ్య తేదీ కూడా ఎంత తప్పిందో తెలియడం లేదు. ఈ చిట్టాలో రోజుల లెక్క మాత్రం తప్పలేదు. ఫోన్లూ టీవీలూ అన్నీ ఒక్కసారిగా మూగబోయిన రోజు నుంచి, తెల్లారగానే ఒక గీత గీసి మొదలుపెడుతున్నాను. జ్వరంలో కూడా మానలేదు.

సాయంత్రం సుగుణ వచ్చింది. సుగుణ మా నర్సు. నెలకోసారి మందుల కోసం నావ మీద టౌనుకి వెళ్ళి, నీళ్ళలోంచి పైకి కనిపిస్తున్న మేడల్లో వెతుకుతుంది. మా ఆయన త్రిమూర్తుల్ని అన్నయ్యా అనేది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా నన్ను వదినా అనడం మానలేదు. ఈసారి ఒక సొరుగులో దొరికిన వైర్లన్నీ సంచిలో పోసుకొచ్చి, నీ సరుకులా ఉంది చూడు అంది. అందులో బొటనవేలంత టీవీ ట్యూనర్ ఉంది. కంప్యూటర్‌కి గుచ్చితే టీవీ వచ్చే రకం.

ఒకప్పుడు నేను కేబుల్ టీవీ ఆఫీసులో చేసినదాన్ని. టీవీ సిగ్నల్‌తో పాటు సరైన టైము కూడా వస్తుందని తెలుసు. అదొక్కటీ దొరికితే నీళ్ళ గొడవ తీరిపోతుంది. కానీ గాలిలో ఏమీ లేదు కదా, ఎప్పుడో చూసేశాను అన్నాను. పదేళ్ళయింది, ఈలోగా ఎవరైనా ఎక్కడైనా ఏదైనా బాగుచేసుకుని ఉండకూడదా అంది సుగుణ. సరే, ఊరికే పడి ఉండే బదులు పెట్టి చూద్దాం అనుకున్నాను.

రోజు 4,308. ఎండ. ప్యానెళ్ళు తుడిచాను.

రెండు రోజులు వృథా అయ్యాయి. ట్యూనర్ గుచ్చగానే బోర్డు ఆరిపోయి మళ్ళీ లేచింది. ఐదారుసార్లు అంతే. చివరికి అర్థమైంది, ఆ ముక్క తాగే కరెంటు ఈ బోర్డు ఇవ్వలేదు. దానికి బ్యాటరీ నుంచి విడిగా ఐదు వోల్టుల లైను వేశాను. అప్పుడు నిలబడింది.

తర్వాత ఇంకో తంటా. బోర్డు ట్యూనర్‌ని గుర్తుపట్టింది కానీ దాన్ని నడిపే ఫైలు తన దగ్గర లేదంది. పూర్వం అయితే నెట్‌లో అరనిమిషంలో దొరికేది. ఆఫీసు రోజుల నాటి మెమరీ కార్డు ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది. సెట్‌టాప్ బాక్సులు చెడిపోతే మళ్ళీ ఎక్కించడానికి దాచుకున్న ఫైళ్ళు అందులో వందల కొద్దీ ఉన్నాయి. పేర్లు చూసుకుంటూ ఒక్కొక్కటే వేసి చూశాను. అరవయ్యో డెబ్భయ్యో వేశాక, ట్యూనర్ మీద ఆవగింజంత ఆకుపచ్చ దీపం వెలిగింది.

రోజు 4,309. ఎండ, సాయంత్రం గాలి.

విరిగిన గొడుగు చువ్వలు రెండు తీసుకుని, ఒక్కొక్కటీ జానెడు కంటే కొంచెం తక్కువగా కోసి ఏరియల్ కట్టాను. వెనకాల ఒక పాత అల్యూమినియం పళ్ళెం బిగించాను, ఎటు తిప్పితే అటు నుంచి బాగా అందుతుందని. వెదురు గడకి కట్టి కరెంటు గది కప్పు మీద నిలబెట్టాను.

టౌను వైపు తిప్పాను. పూర్వం టవర్ అక్కడే ఉండేది. బోర్డు ఒక్కొక్క చానల్ దగ్గరా ఆగి, చూసి, సిగ్నల్ లేదు అని రాసి ముందుకు పోయింది. నలభై చానళ్ళు. నలభై సార్లు అదే మాట.

ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. అయినా ఎందుకో మనసు చివుక్కుమంది.

రోజు 4,310. పెద్ద గాలి.

అక్షరాలు తిన్నగా రావడం లేదు.

మధ్యాహ్నం ఏరియల్ దింపుదామని నిచ్చెన వేసుకుని ఎక్కాను. రాత్రి గాలికి వెదురు గడ తిరిగిపోయి, పళ్ళెం ఏటి పైవైపుకి, అంటే కొండల వైపుకి మళ్ళి ఉంది. దింపబోయే ముందు, కింద బోర్డు ఇంకా వెతుకుతూనే ఉందని గుర్తొచ్చి, ఆపేద్దామని దిగి వచ్చాను. తెర మీద ఇరవై ఏడో చానల్ దగ్గర సిగ్నల్ దొరికింది అని ఉంది.

నేను దాన్ని చదివాను. మళ్ళీ చదివాను. గది బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను.

చానల్ పెట్టగానే ఆకుపచ్చటి తెర వచ్చింది. దాని మీద తెలుగు అక్షరాలు. మూల టైము, తేదీ. పాత స్పీకరు తగిలిస్తే ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పదకొండేళ్ళు దాటాక, మా లంక వాళ్ళది కాని గొంతు.

ఎప్పుడు అరిచానో నాకు తెలియదు, అరిచానట. ముందు సుగుణ పరిగెత్తుకొచ్చింది. తర్వాత లంక అంతా వచ్చింది. నూట ఎనభై నాలుగు మంది ఆ గదిలో పట్టరు. కిటికీల దగ్గరా గుమ్మంలోనూ ఒకరి మీద ఒకరు పడి చూశారు. కొందరు ఏడుస్తున్నారు. కొందరు తెరకి దండం పెడుతున్నారు. మనుషులున్నారు, మనుషులున్నారు అని ఆదెయ్య అదే మాట అంటూ తిరిగాడు. ఆ గొంతు ఏం చెబుతోందో ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. సంతోషం అలా ఉంది.

రోజు 4,311. ఎండ.

పొద్దున్నే అందరూ పనులకి వెళ్ళాక ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. పావుగంటకొకసారి అదే చెబుతుంది. ఇది దాని మాట, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"ఎగువ జలాశయం నుండి ప్రజలకు సూచన. జలాశయం నిండుచున్నది. రాబోయే గురువారం ఉదయం ఎనిమిది గంటలకు గేట్లు ఎత్తబడును. లంకల వద్దకు మధ్యాహ్నం రెండు గంటలకు నీరు చేరును. అంచనా మట్టం యాభై ఎనిమిది అడుగులు. లంక గ్రామాల ప్రజలు ఎత్తైన ప్రాంతములకు తరలి వెళ్ళవలెను."

మూడోసారి వింటుంటే తెలిసింది. గురువారం అన్న మాట ఒక స్థాయిలో ఉంది, ఉదయం అన్నది ఇంకో స్థాయిలో. ఎప్పుడో రికార్డు చేసిన మాటల ముక్కల్ని మిషను అతికించి పలుకుతోంది. అక్కడ ఎవరూ లేరు. డ్యాము తన కరెంటు తానే చేసుకుంటూ, తన గేట్లు తానే ఎత్తుకుంటూ, చెప్పమని ఎవరో ఒకప్పుడు పెట్టిన మాటని చెబుతూ పోతోంది.

నిన్న దండం పెట్టిన ముసలమ్మలకి ఈ సంగతి ఎలా చెప్పాలా అనుకున్నాను. అప్పటికి నాకున్న దిగులు అదే.

తర్వాత లెక్క వేశాను. ఏటి మధ్య పాత వంతెన స్తంభం మీద అడుగుల గీతలున్నాయి. మా పొలాలు నలభై ఆరు దగ్గర. మేం కట్టుకున్న దిబ్బ యాభై ఐదు. ఎనిమిదేళ్ళుగా ఆడా మగా తట్టలతో మన్ను మోసి పోసిన దిబ్బ. యాభై ఎనిమిది అంటే దాని మీద నిలబడ్డ మనిషికి నడుము దాకా నీళ్ళు. ప్రవాహంలో నడుము దాకా నీళ్ళంటే ఎవరూ నిలబడలేరు.

గురువారం రోజు 4,316. ఐదు రోజులుంది.

అదే రోజు, మధ్యాహ్నం.

ఇది రాయకుండా ఉండలేను.

ఆ చానల్‌కి రెండో పేజీ ఉంది. అందులో గత విడుదలలు అని వరసగా తేదీలు. ఎప్పుడు నీళ్ళు వదిలారు, ఎంత మట్టం వచ్చింది, ఎన్ని రోజుల ముందు నుంచి హెచ్చరిక ఇచ్చారు. అందులో యాభై దాటినవి ఏమున్నాయా అని చూశాను. ఒకటే ఉంది. యాభై ఒక్క అడుగులు. ఇవాళ్టి తేదీ ఇప్పుడు సరిగ్గా తెలుసు కాబట్టి రోజులు వెనక్కి లెక్కపెట్టాను. రోజు 1,377.

ఆ రోజు చుక్క వాన లేదు. ఆకాశం అద్దంలా ఉంది. మట్టమధ్యాహ్నం ఏరు ఒక్కసారిగా పైకి లేచి ఇళ్ళ మీదికొచ్చింది. ముప్ఫై ఒక్కమంది పోయారు. గేదెల తాళ్ళు విప్పడానికి వెళ్ళిన మా ఆయన పోయాడు. సుగుణ పిల్లలిద్దరూ పోయారు. ఆదెయ్య భార్య పోయింది. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఏటికి పిచ్చెక్కింది అనుకున్నాం.

ఆ తేదీ పక్కన ఇలా ఉంది. హెచ్చరిక, ఆరు రోజులు.

గంటకి నాలుగుసార్లు. రోజుకి తొంభై ఆరు. ఆరు రోజులకి ఐదు వందల డెబ్భై ఆరు సార్లు చెప్పింది. మా నెత్తి మీద గాలిలో, మా ఇళ్ళలోంచి, మా పక్కనుంచి పోతూ చెప్పింది.

నా పాత చిట్టా తీశాను. రోజు 402, నా చేతి రాత. "బడి మీద టీవీ పెట్టి చూశాను. ఏరియల్ టౌను వైపు తిప్పి గంటసేపు వెతికాను. ఏమీ లేదు. గాలి ఖాళీ. ఏరియల్ కడ్డీలు ఆదెయ్యకి ఇచ్చేశాను, గాలాలకి పనికొస్తాయన్నాడు."

రేడియోలో అయితే ఎంత దూరమైనా గరగర మధ్య ఒక గొంతు తగులుతుంది, అటు తిప్పుదాం అనిపిస్తుంది. ఈ డిజిటల్ టీవీ అలా కాదు. సరిపడా అందితే బొమ్మ, లేకపోతే నల్ల తెర. ఆ తేడా లంకలో నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా ఏటి పైవైపుకి ఒక్కసారి తిప్పి చూడలేదు.

రోజు 4,312. ఎండ.

పొద్దున బుల్లెబ్బాయి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకి డెబ్భై ఒకటి. లంకలో పెద్ద ఆయనే. వరద తర్వాత మనుషులు విడిపోకుండా పట్టి ఉంచినదీ, దిబ్బ పని మొదలుపెట్టినదీ ఆయనే. ఈ రోజుకీ రోజుకి పది తట్టలు మోస్తారు. నేను వెళ్ళేసరికి దిబ్బ అంచున గడ్డి నాటుతున్నారు.

చానల్ చెబుతున్నది చెప్పాను. ఎర్రమెట్టకి వెళ్ళిపోదాం అన్నాను. ఎర్రమెట్ట అవతలి గట్టు మీద, నావ వెళ్ళి తిరిగి రావడానికి మూడు గంటలు. తుమ్మ ముళ్ళు, పాములు, తాగడానికి నీళ్ళుండవు. ఆయన నెమ్మదిగా చేతులు కడుక్కుని కూర్చున్నారు. ఆ గొంతు ఎవరిది అని అడిగారు. మిషనుది అన్నాను. ఆ మిషను మాట నిజమని ఎలా తెలుసు అన్నారు. అరటి గెలలు కోతకి వచ్చాయి, మొక్కజొన్న ఇంకో పది రోజుల్లో విరవాలి, నలభై గేదెల్ని ఏరు దాటించాలంటే సగం పోతాయి అన్నారు.

"ఎనిమిదేళ్ళు మోశామమ్మా రత్నం. ఈ జనం నా మాట మీద మోశారు. ఇప్పుడు ఒక పెట్టెలోంచి ఎవరో పలికారని, ఈ దిబ్బ మిమ్మల్ని కాపాడదు పదండి అని వాళ్ళకి నేనెలా చెప్పను?"

నా దగ్గర రుజువు ఉంది. ఆ పేజీలో ఉన్న ఏడు విడుదలలూ నా చిట్టాలో ఏడు వరదలతో రోజుకి రోజు సరిపోయాయి. పొద్దున ఆయన దగ్గరికి వెళ్ళేముందు రెండుసార్లు సరిచూశాను. కానీ ఆయనకి చూపించలేదు. ఆ ఏడింటిలో ఒకటి 1,377. అది చూపించానంటే ఆ ముప్ఫై ఒక్కమంది బతికేవాళ్ళని చూపించినట్టే. సుగుణకి చూపించినట్టే.

తిరిగి వస్తుంటే సుగుణ వాకిట్లో గాజుగుడ్డలు ఉతికి ఆరేస్తోంది. అలా ఉన్నావేంటి వదినా, జ్వరమా అని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. లేదన్నాను. అన్నం తిను, మొహం పీక్కుపోయింది అంది.

రోజు 4,313. ఎండ.

పొద్దున్నే గంట కొట్టించి అందర్నీ బడి ముందు పోగుచేశాను. ఇంకొక రోజు ఆగితే నాలుగు నావలతో అందర్నీ దాటించడానికి టైము చాలదు. నాకు ధైర్యం వచ్చి కాదు, టైము లేక.

ముందు చానల్ పేజీలోంచి తేదీ చదివాను. తర్వాత చిట్టాలోంచి అదే రోజు చదివాను. ఒకటి, రెండు, మూడు. జనంలో గుసగుసలు ఆగిపోయాయి. నాలుగోది 1,377. చదివాను. హెచ్చరిక ఆరు రోజులు అన్నది కూడా చదివాను. తర్వాత ఆపకుండా రోజు 402 కూడా చదివేశాను, గాలి ఖాళీ అన్న మాటతో సహా. ఎవరైనా అడిగి చెప్పించుకునే కంటే అదే మేలనిపించింది.

ఆదెయ్యే ముందు, నువ్వు చెబితేనే కదా మేం నమ్మింది అన్నాడు, మెల్లగా. ఆ కడ్డీలు ఇంకా అతని గాలాలకి ఉన్నాయి.

సుగుణ ముందుకొచ్చింది. మొదటిసారి చెప్పిన రోజు ఏది అని అడిగింది. 1,371 అన్నాను.

"ఆ రోజు చిట్టాలో ఏముందో చదువు."

చదవనన్నాను. చదువు అంది మళ్ళీ. చదివాను.

"రోజు 1,371. ఎండ. ప్యానెళ్ళు తుడిచాను. సుగుణ పిల్లలిద్దరూ వచ్చి బ్యాటరీ గదిలో నీడకి కూర్చుని అటుకులు తిని వెళ్ళారు."

తర్వాతది అంది.

"రోజు 1,372. ఎండ. రెండో నావకి తారు పూశారు. మా ఆయన చెయ్యి కాల్చుకున్నాడు."

తర్వాతది.

"రోజు 1,373. మబ్బు. పంపు వాషర్ మార్చాను. రోజు 1,374. ఎండ. ఆదెయ్య భార్య ఆవకాయ పెట్టి ఊరందరికీ పంచింది. రోజు 1,375. ఎండ. పని లేదు. మధ్యాహ్నం నిద్రపోయాను."

అక్కడ ఆగిపోయాను. ఇంకొకటి ఉంది కదా అంది సుగుణ. ఆమెకి లెక్క తప్పలేదు.

"రోజు 1,376. ఎండ. సుగుణ పెద్దమ్మాయికి పన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకుని తెచ్చి నాకు చూపించింది."

సుగుణ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎవరో నీళ్ళిస్తే తోసేసింది. నా వైపు చూడలేదు. కాసేపటికి లేచి, మందుల పెట్టెలు సర్దాలి, నలుగురు నాతో రండి అని చెప్పి వెళ్ళిపోయింది.

అప్పుడు బుల్లెబ్బాయి గారు లేచారు. యాభై ఎనిమిదేనా, సరిగ్గా విన్నావా అని ఒక్కటే అడిగారు. అవునన్నాను. ఆయన దిబ్బ వైపు చూడలేదు. ఆదెయ్య భుజం మీద చెయ్యి వేసి, నావలు తీయించు, ముందు పసిపిల్లల తల్లుల్ని ఎక్కించు అన్నారు.

రోజు 4,315. ఎండ.

నిన్నంతా, ఇవాళంతా నావలు తిరుగుతూనే ఉన్నాయి. ఆదెయ్య ఈ రెండు రోజుల్లో కూర్చుని తిన్నది చూడలేదు. గేదెల్ని ఈత కొట్టించారు, ఏడు కొట్టుకుపోయాయి. పచ్చి గెలలే కోసి నావల్లో వేశారు. మొక్కజొన్న వదిలేశాం. నేను బోర్డు, ట్యూనర్, నాలుగు ప్యానెళ్ళు, రెండు బ్యాటరీలు తెచ్చుకున్నాను. పంపు తీయడానికి టైము లేదు.

నాతో ఎవరూ మాట్లాడడం లేదు. తిట్టనూ లేదు. నా గిన్నెలో గంజి పోసి పక్కన పెట్టి వెళుతున్నారు.

బుల్లెబ్బాయి గారు చివరి నావలో వచ్చారు. వంతెన స్తంభం దగ్గర ఆపమని, గడ ఎత్తి యాభై ఎనిమిది గీతని తాకి చూసుకున్నారట. ఆ గీత అందుకోడానికి ఆయన నావ అంచు మీద నిలబడాల్సి వచ్చిందని ఆదెయ్య ఎవరికో చెబుతుంటే విన్నాను.

రోజు 4,316. గురువారం. ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు.

పొద్దున్న ఎనిమిదికి గొంతు మారింది. "గేట్లు ఎత్తబడినవి" అంది. అంతే తేడా.

మధ్యాహ్నం దాకా ఏరు మామూలుగానే ఉంది. కొంగలు వాలి చేపలు పట్టుకుంటున్నాయి. ఎండలో ముళ్ళ మధ్య కూర్చుని, నీళ్ళు కొలిచి తాగుతూ, జనం సణగడం మొదలుపెట్టారు. రాకపోతే ఎలా అని ఒకరు, కోత పోయింది అని ఒకరు. నేను కూడా రాకూడదనే కోరుకున్నాను. రాకపోతే ఆ పేజీ అబద్ధం. ఆ ఆరు రోజులూ అబద్ధం. నేను పిచ్చిదాన్ని అవుతాను, అంతే కదా. అయిపోయినా బాగుండేది.

రెండు కావడానికి పది నిమిషాలుందనగా కొంగలన్నీ ఒకేసారి లేచాయి. తర్వాత చప్పుడు. ఉరుము అనుకున్నాం, కానీ ఆగలేదు. ఏటి మలుపు దగ్గర గోధుమరంగు గోడ ఒకటి చెట్లతో సహా కదులుతూ వచ్చింది. ఎవరూ అరవలేదు. పిల్లలు కూడా అరవలేదు. మా పొలాలు పోయాయి. బడి కప్పు దాకా పోయింది. కరెంటు గది కూలడం కనిపించింది, వినిపించలేదు. దిబ్బ మాత్రం గంటసేపు నిలబడింది. పచ్చటి గడ్డితో, చుట్టూ నీళ్ళతో, చిన్న పడవలా కనిపించింది. తర్వాత గడ్డి మీదికి నీళ్ళెక్కాయి. మూడున్నరకి దిబ్బ లేదు.

బుల్లెబ్బాయి గారు అంతసేపూ నిలబడే చూశారు. దిబ్బ కనబడకుండా పోయాక, నూట ఎనభై నాలుగు మందీ ఉన్నారా, ఒకసారి లెక్కపెట్టండి అన్నారు. లెక్కపెట్టాం. ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టమన్నారు.

రోజు 4,319. మబ్బు.

నీళ్ళు ఇంకా యాభై దగ్గరే ఉన్నాయి. మెట్ట మీద ముళ్ళు కొట్టి పాకలు వేస్తున్నారు. వాగు పక్కన ఊట దొరికింది, తాగొచ్చని సుగుణ చెప్పిందట.

నేను ఏరియల్‌ని కొండల వైపు కట్టి, పావుగంటకొకసారి వింటున్నాను. నిద్ర పట్టడం లేదు. కన్ను మూసుకుంటే అప్పుడే ఏదో చెప్పేసి ఉంటుందనిపించి లేచి కూర్చుంటున్నాను. విన్నదే వింటున్నాను. భోజనం పెట్టి వెళ్ళేవాళ్ళు జాలిగానే చూస్తున్నారు, అదింకా కష్టంగా ఉంది. తిడితే బాగుండును.

సుగుణ నా పాక వైపు రాలేదు. నేనూ వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను.

రోజు 4,320. ఎండ.

పొద్దున సుగుణ వచ్చింది. వదినా అనలేదు. నా కంటి కింది రెప్పలు లాగి చూసి, ఎన్ని రోజులైంది పడుకుని అని అడిగింది. చెప్పాను. స్పీకరు పక్కన చాప మీద కూర్చుంది. పావుగంట ఇద్దరం ఎదురుచూశాం. గొంతు వచ్చింది. నీటిమట్టం చెప్పింది, విడుదల లేదంది. సుగుణ కళ్ళు మూసుకుని మొత్తం వింది.

నేను ఏదో అనబోయాను. క్షమించమనే అనబోయాను అనుకుంటాను. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఏరియల్ ఎలా తిప్పాలో చూపించమంది. చూపించాను. బ్యాటరీ ఎంత ఉందో ఎక్కడ చూడాలి, బోర్డు ఆరిపోతే ఏ వైరు ముందు తీయాలి, అన్నీ అడిగింది. రెండుసార్లు చేయించుకుని నేర్చుకుంది.

వెళ్ళే ముందు గుమ్మంలో ఆగింది.

"రేపటి నుంచి పొద్దుటి వంతు నాది. మధ్యాహ్నం ఆదెయ్య వింటాడు. ఇకమీదట ఇది నీ ఒక్కదాని చెవుల మీద వదిలేది లేదు."

ఆ మాటలో కోపం ఎంతో నాకు తెలుసు. అయినా ఆమె వెళ్ళిన తర్వాత, చాలా రోజులకి, కూర్చున్న చోటే నిద్రపోయాను.

రోజు 4,321. ఎండ. బ్యాటరీ సగం పైన ఉంది.

ఇది సుగుణ రాస్తున్నది. ఆరు గంటలకి విన్నాను. మట్టం నలభై ఎనిమిది, తగ్గుతోంది. వారం దాకా విడుదల లేదు. ఏరియల్ అన్ని వైపులకీ తిప్పి ఒక్కొక్క చానలే వెతికాను, ఇంకెక్కడా ఏమీ దొరకలేదు. రేపు మళ్ళీ తిప్పుతాను. వదిన పడుకునే ఉంది. లేపలేదు.